తాడు చాలలేదా, నీళ్లే లేవా? యీ జింగ్ 48వ గుర్తు 'బావి'ని చదవడం, వాడుకోవడం ఎలా

చైనాలో ఏదైనా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, నంబరు కొట్టాక చివర్లో 'జింగ్' బటన్ నొక్కమంటుంది రికార్డింగ్ గొంతు. మనం హాష్ అంటున్న గుర్తే అది. రెండు నిలువు గీతలు, వాటి మీద రెండు అడ్డగీతలు. చైనా లిపిలో దాదాపు అలాగే ఉండే అక్షరం ఒకటుంది. దాన్ని జింగ్ అని పలుకుతారు, అర్థం బావి. నాలుగు దుంగలు అటూ ఇటూ పేర్చి కట్టిన బావి చట్రాన్ని పైనుంచి చూస్తే కనిపించే రూపం.

ఈ వ్యాసం ఆ అక్షరమే పేరుగా ఉన్న ఇంకో గుర్తు గురించి. యీ జింగ్ అనే పాత చైనా ప్రశ్నశాస్త్ర గ్రంథంలో మొత్తం 64 గుర్తులుంటాయి. ఒక్కొక్కటి ఆరు గీతల పేర్పు. వాటిలో 48వది బావి. మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని నాణేలు వేస్తే వీటిలో ఒక గుర్తు వస్తుంది. ఏదో యాప్‌లో అలా వేస్తే '48, బావి' అని వచ్చి, దాని కింద కుండ పగిలిందనీ, చేపల్ని కొట్టారనీ ఏవో ముక్కలు కనిపించి, తలా తోకా తెలియక మూసేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. మూడు రూపాయి నాణేలకు నా రేపటి సంగతి తెలుసని నేను నమ్మను. అయినా ఈ గుర్తును వదలను. ఏ పనైనా ఆగిపోయినప్పుడు మనం నీళ్లే లేవని తేల్చేస్తాం. చాలాసార్లు నీళ్లు ఉంటాయి, చేంతాడు నాలుగు మూరలు తక్కువై ఉంటుంది. ఆ రెండింటినీ విడదీసి చూడమని ఇంత సూటిగా అడిగే గుర్తు ఆ 64లో మరొకటి నాకు కనిపించలేదు.

మొదలుపెట్టే ముందు

యీ జింగ్ పేరులోనూ జింగ్ ఉంది, మన గుర్తు పేరూ జింగే. రెండూ ఒకటి కాదు. మొదటిదానికి అర్థం గ్రంథం. యీ జింగ్ అంటే 'మార్పుల గ్రంథం' (ఇంగ్లీషు పుస్తకాల వల్ల మనలో చాలామందికి ఐ చింగ్ అనడం అలవాటు). రాతలో అక్షరాలు వేరు, పలకడంలో స్వరం వేరు. గ్రంథం జింగ్‌ను ఎత్తుగా, సమంగా పలుకుతారు. బావి జింగ్‌ను గొంతు కిందికి దించి పైకి తీస్తారు, చేద బావిలోకి దిగి పైకొచ్చినట్టు. అది యాదృచ్ఛికమే అయినా గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

ఎవరు రాశారు అంటే సంప్రదాయం చెప్పే కథ ఒకటుంది. గీతలు ఆదిపురుషుడు ఫూ షీవి, వాక్యాలు జౌ వంశానికి చెందిన వెన్ రాజువి, ఒక్కో గీతకూ ఉన్న వాక్యాలు ఆయన కొడుకు జౌ ప్రభువువి, వ్యాఖ్యలు కన్ఫ్యూషియస్‌వి. ఈనాటి పరిశోధకులు దీన్ని అక్షరాలా ఒప్పుకోరు. మూల వాక్యాలు సుమారు క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దానికి రూపు దిద్దుకున్నాయనీ, వ్యాఖ్యలు ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లకు చేరాయనీ అంటారు. 1973లో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయి సమాధుల్లో పట్టుగుడ్డ మీద రాసిన ప్రతి దొరికింది. అది క్రీ.పూ. 168లో మూసిన సమాధి. అందులో ఈ 64 గుర్తులూ ఉన్నాయి కానీ వరస పూర్తిగా వేరు. కాబట్టి 48 అనే అంకెలో మహత్యమేదో వెతకొద్దు. అది మన చేతికొచ్చిన పుస్తకంలో వరస సంఖ్య, అంతే.

మొదటి మెట్టు: గుర్తును మీ చేత్తో గీయండి

ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. ఇక్కడ అందరూ తప్పే చోటు ఒకటుంది. గీతలు కిందినుంచి పైకి గీయాలి, లెక్క కూడా కిందినుంచే. అడుగున ఉన్నది మొదటి గీత.

—— —— ఆరో గీత
————— ఐదో గీత
—— —— నాలుగో గీత
————— మూడో గీత
————— రెండో గీత
—— —— మొదటి గీత

నిండు గీత యాంగ్, మధ్యలో తెగిన గీత యిన్. కింది మూడు గీతల గుంపు పేరు షున్, అంటే గాలి లేదా చెక్క. పై మూడూ కలిస్తే కాన్, అంటే నీరు. ఈ కాన్ మీరు ఇదివరకే చూసి ఉంటారు. దక్షిణ కొరియా జెండాలో నాలుగు మూలలా ఉన్న నల్లగీతల్లో, కుడివైపు పైన ఉన్నది ఇదే.

చెక్క మీద నీరు. ఇది బావి ఎలా అయింది? రెండో శతాబ్దపు వ్యాఖ్యాత జెంగ్ షువాన్ చెప్పిన సమాధానం మన పల్లెల్లో పుట్టిన పెద్దవాళ్లకు వివరించనక్కర్లేదు. ఆ చెక్క ఏతం అన్నాడాయన. నిలువు కొయ్య మీద ఆనించిన పొడుగాటి మాను, ఒక కొసన బరువు, ఇంకో కొసన కుండ. చైనావాళ్లు దాన్ని జ్యేగావ్ అంటారు, పని ఒకటే. ఆయన అక్కడితో ఆగలేదు. గుర్తు లోపల దాగిన మరో రెండు గుంపుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. 2, 3, 4 గీతల్ని విడిగా చూస్తే దుయి, అంటే సరస్సు. అదే అడుగున ఊట నోరు. 3, 4, 5 గీతల్ని చూస్తే లీ. పైన నిండు, కింద నిండు, మధ్యలో ఖాళీ. అది కుండ. ఏతం, కుండ, ఊట, నీరు, నాలుగూ ఒకే బొమ్మలో ఉన్నాయి. ఇది గమనించాక ఈ గుర్తు నాకు గీతల్లా కనిపించడం మానేసింది.

ఇప్పుడు కాగితాన్ని తలకిందులు చేయండి. వచ్చేది 47వ గుర్తు కున్, ఇరుకున పడడం. అందులో సరస్సు పైన, నీరు దాని కింద. అంటే సరస్సులో నీరంతా కిందికి ఇంకిపోయింది. ఈ రెండూ ఒకే కాగితానికి రెండు తలలు. పైన దారి మూసుకుపోయినవాడు కిందికి తిరగక తప్పదు, అందుకే కున్ తర్వాత బావి వచ్చిందంటుంది వరసను వివరించే వ్యాఖ్య.

లెక్కల మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఒక పక్కమాట. తెగిన గీతను 0, నిండు గీతను 1 అనుకుని కిందినుంచి రాస్తే బావి 011010 అవుతుంది, మన లెక్కలో 26. జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1703 నాటి తన ద్విసంఖ్యా వ్యాసంలో ఈ గీతల్ని ఇలాగే చదివాడు.

రెండో మెట్టు: మూల వాక్యాన్ని నెమ్మదిగా చదవండి

గుర్తు మొత్తానికి కలిపి ఒక వాక్యం ఉంటుంది. తెలుగులో దాదాపు ఇలా చెప్పొచ్చు:

ఊరిని మార్చవచ్చు, బావిని మార్చలేరు. అది తరగదు, పెరగదు. వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు, బావి బావిగానే ఉంటుంది. దాదాపు నీళ్లు అందాయి అనగా తాడు చాలకపోయినా, కుండ పగిలినా అశుభం.

ఊరు మారడం ఆ రోజుల్లో మాటవరసకు అన్నది కాదు. రాజధానులే మారేవి. కానీ భూమి కింద ఊట ఎక్కడుందో అక్కడే ఉంటుంది. సొంత ఊరు వదిలి పోవడాన్ని చైనీయులు ఇప్పటికీ 'బావికి వీపు చూపి ఊరు విడవడం' అంటారు. బజారుకు పాత పేరు 'షీజింగ్', అందులోని జింగ్ ఇదే బావి. ఎనిమిది కుటుంబాలు తొమ్మిది చదరాల భూమిని పంచుకుని, మధ్య చదరాన్ని అందరూ కలిసి దున్నే పాత పద్ధతి గురించి చైనా తత్వవేత్త మెన్షియస్ చెప్పాడు. దానికీ 'బావి పొలం' అనే పేరు, ఎందుకంటే ఆ తొమ్మిది చదరాలు గీస్తే మధ్యలో వచ్చే గీతలు ఈ అక్షరమే. అంటే ఈ గుర్తులో బావి ఎప్పుడూ ఒక్కరి సొత్తు కాదు, నలుగురూ తోడుకునేది.

ఇక ఆ చివరి ముక్క. అశుభం ఎక్కడుందో చూడండి. నీళ్లలో లేదు. బావి ఎండిందని వాక్యంలో ఎక్కడా లేదు. తాడు దగ్గర, కుండ దగ్గర ఉంది, అదీ 'దాదాపు అందాయి' అనే క్షణంలో. మొదట్లో పోయింది కాదు, చివరి రెండు మూరల్లో పోయింది. మెన్షియస్ దీనికి దగ్గరగా ఒక మాటన్నాడు: ఎంత లోతు తవ్వినా, ఊట తగలకముందే వదిలేస్తే అది వదిలేసిన బావే.

వాక్యం చదివాక ఒక నిమిషం ఆగి మీ విషయంలో మూడు పేర్లు రాసుకోండి. నీరు ఏది? తాడు ఏది? కుండ ఏది? పాటలు పాడేవాళ్లకు నీరు విద్య, తాడు రోజువారీ సాధన, కుండ గొంతు కావచ్చు. కాపురంలో నీరు ప్రేమ, తాడు కలిసి గడిపే సమయం కావచ్చు. నాణేలు వేయకుండా ఇంతవరకే చేసినా సగం పని అయిపోతుంది.

మూడో మెట్టు: ప్రశ్న పెట్టి నాణేలు వేయండి

ఒకేలాంటి మూడు నాణేలు, ఒక కాగితం, ఓ పావుగంట చాలు. స్నానం, ముహూర్తం, దిక్కు లాంటి నియమాలు పెట్టుకోవడం మీ ఇష్టం.

ప్రశ్న మాత్రం జాగ్రత్తగా రాయాలి. 'నాకు వీసా వస్తుందా?' అని అడిగితే బావి ఏం చెబుతుంది? అవును, కాదు అనే జవాబు ఈ గ్రంథంలోనే లేదు. 'వీసా పనిలో నేను చూడకుండా వదిలేసింది ఏమిటి?' అని అడగండి. ఒకరి మనసులో ఏముందని అడగొద్దు, ఆ మనిషితో మీరేం చేయగలరో అడగండి. ఒక ప్రశ్నకు ఒకసారే. నచ్చిన జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేయడం చిలక జోస్యంలో చిలక చేత ఇంకో కార్డు తీయించడం లాంటిది. మళ్లీ మళ్లీ అడిగేవాడికి చెప్పనని యీ జింగే నాలుగో గుర్తులో కసురుకుంటుంది.

బొమ్మ పడితే 3, బొరుసు పడితే 2. రూపాయి నాణెంలో సింహాల వైపు బొమ్మ అనుకోండి. పాత చైనా నాణేలతో అక్షరాలున్న వైపుకు 2 ఇచ్చే ఆచారం ఉంది. ఏదైనా ఫరవాలేదు, వేసే ముందే తేల్చుకుని దాని మీదే ఉండాలి. మూడు నాణేలూ కలిపి వేసి కూడండి.

మొత్తం 7 వస్తే నిండు గీత, 8 వస్తే తెగిన గీత. మూడూ బొమ్మలే పడి 9 వస్తే నిండు గీతే కానీ మారబోతున్నది, పక్కన చిన్న సున్నా పెట్టండి. మూడూ బొరుసులే పడి 6 వస్తే తెగిన గీత, అదీ మారబోతున్నదే, పక్కన ఇంటూ పెట్టండి. ఇలా ఆరుసార్లు, కిందినుంచి పైకి.

నాణేలతో బావి రావడానికి అవకాశం 64లో 1. ప్రతి గీతకూ 6, 9 పడే అవకాశం ఎనిమిదింట ఒక్కొక్కటి, 7, 8 పడేది ఎనిమిదింట మూడేసి. నాణేల పద్ధతి తర్వాత వచ్చింది. అంతకు పాతది యారో అనే మొక్క కాడలతో చేసేది. 50 కాడలు తీసుకుని, ఒకటి పక్కన పెట్టి, మిగిలిన 49తో పంచుతూ లెక్కపెడతారు. అందులో 6 పదహారింట ఒకసారి, 9 పదహారింట మూడుసార్లు వస్తుంది. అంటే కాడల పద్ధతిలో నిండు గీతలు మారడం ఎక్కువ, తెగినవి మారడం తక్కువ. ఆ తేడాను పట్టించుకునేవాళ్లు కాడలే వాడతారు. నాకు అంత ఓపిక లేదు.

నాలుగో మెట్టు: ఆరు గీతలు, ఒకే బావి బాగుపడే కథ

మిగతా చాలా గుర్తుల్లో గీతల వాక్యాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఇక్కడ మాత్రం కిందినుంచి పైకి చదివితే ఒక పాడుబడ్డ బావిని బాగుచేసుకుంటూ పైకి వచ్చినట్టే ఉంటుంది.

మొదటి గీత: బావిలో బురద, ఎవరూ తాగరు. పాత బావి దగ్గరికి పిట్ట కూడా రాదు. పూడిక తీయని బావి ఇది. పదేళ్ల కిందటి నోట్సుతో పాఠం చెప్పే మాస్టారు, ఎప్పుడో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌తో ఉద్యోగం వెతికేవాడు ఈ గీతలో ఉంటారు. జనం రాలేదని బాధపడేముందు లోపలికి తొంగి చూడమంటుంది. గట్టుకు సున్నం కొడితే లాభం లేదు.

రెండో గీత: బావి అడుగు ఊటలో చిన్న చేపల్ని కొడుతున్నారు, కుండ పగిలి కారుతోంది. నీళ్లున్నాయి, కానీ పైకి రావడం లేదు. ఉన్న శక్తి అంతా చిల్లర పనులకు పోతోంది. దీని వెనక ఒక చిన్న లెక్క ఉంది. బేసి స్థానాల్లో నిండు గీత, సరి స్థానాల్లో తెగిన గీత ఉంటే అవి తమ చోట ఉన్నట్టు. బావిలో మొదటి రెండు గీతలే తప్పు చోట ఉన్నాయి, పై నాలుగూ సరిగ్గా ఉన్నాయి. పైగా రెండో గీతకు జోడీ ఐదోది కావాలి. జోడీ కుదరాలంటే ఒకటి నిండు, ఒకటి తెగినది అయి ఉండాలి, ఇక్కడ రెండూ నిండువే. పైనుంచి చేయి అందించేవాళ్లు లేక నీరు కిందికే జారిపోతోంది. ఈ గీత వచ్చిందంటే 'నన్ను పైకి తోడే మనిషి ఎవరు?' అని అడుక్కోవాలి.

మూడో గీత దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

బావి శుభ్రం చేశారు, అయినా ఎవరూ తాగడం లేదు. నా మనసు కలుక్కుమంటోంది. ఇది తోడుకోదగ్గ నీరే. రాజు వివేకి అయితే అందరూ కలిసి ఆ మేలు పొందుతారు.

రెండు వేల ఏళ్ల కిందట చరిత్రకారుడు సిమా చియెన్ ఈ వాక్యాన్ని చూ యువాన్ జీవితం రాస్తూ వాడుకున్నాడు. చూ యువాన్ క్రీ.పూ. నాలుగు, మూడు శతాబ్దాల్లో చూ రాజ్యంలో కవి, మంత్రి. హువాయ్ రాజు ఆయన సలహా పెడచెవిన పెట్టి, శత్రువైన చిన్ రాజ్యానికి వెళ్లి బందీ అయ్యి అక్కడే చనిపోయాడు. చూ యువాన్ దేశాంతరం పాలై చివరికి మీలువో నదిలో దూకాడు. ఐదో నెల ఐదో రోజున చైనాలో జరిగే పడవ పందేల పండుగను ఆయన పేరుతోనే తలుచుకుంటారు. సిమా చియెన్ ఈ గీతను చెప్పి, రాజే వివేకి కాకపోతే ఇక మేలు ఎక్కడిది అని తన మాట చేర్చాడు. ఆయన కూడా ఒక సేనాపతి తరఫున మాట్లాడినందుకు చక్రవర్తి చేతిలో ఘోరమైన శిక్ష అనుభవించినవాడే. ఆ వాక్యం రాస్తున్నప్పుడు తన సంగతి కూడా తలపుకు వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది. అక్కడ ఈ గీత జోస్యం కాదు, ఫిర్యాదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ గీత పడితే మనందరం చూ యువాన్లం అయిపోతాం. నా ప్రతిభను ఆఫీసులో ఎవరూ గుర్తించడం లేదు, అంతే కదా! కానీ వాక్యంలో మొదటి మాట 'శుభ్రం చేశారు'. అది నిజంగా జరిగిందా? మీ పని ఎరిగిన ఒకరిని పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. బురద ఉందంటే మీరు ఇంకా మొదటి గీతలోనే ఉన్నారు. తేటగానే ఉందంటే అప్పుడు రాజును వెతకండి, లేదా రాజును మార్చండి.

నాలుగో గీత: బావి లోపల ఇటుక కడుతున్నారు, తప్పు లేదు. మరమ్మతు రోజుల్లో ఊరికి నీళ్లు రావు. సెలవు పెట్టి చదువుకోవడం, ఒంట్లో బాగోక ఇంట్లో కూర్చోవడం ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ఎవరికీ ఏమీ ఇవ్వలేకపోతున్నామని టెన్షన్ పడొద్దంటుంది, అంతే.

ఐదో గీత: చల్లని తేట ఊట, తాగుతారు. అంతా బాగున్న గీత ఇదే, రాజు స్థానం కూడా ఇదే. అయినా మూలంలో 'శుభం' అన్న మాట లేదు. ఊరు తోడుకుని తాగితేనే ఆ నీటికి విలువ. శుభమనే మాటను ఆరో గీత దాకా దాచి ఉంచారనిపిస్తుంది.

ఆరో గీత: తోడడం పూర్తయింది, బావికి మూత వేయొద్దు. నమ్మకం ఉంది, గొప్ప శుభం. యీ జింగ్‌లో పై గీత చాలాసార్లు అతికి పోయిన చోటు. మొదటి గుర్తులో అయితే పైకెక్కిన డ్రాగన్ పశ్చాత్తాపపడుతుంది. ఇక్కడ మాత్రం పైకి రావడమే పరమార్థం, ఎందుకంటే నీరు పైకొస్తేనే నీరు. మీ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి అసలు కిటుకు చెప్పకుండా దాచుకుంటున్నారా? మూత అంటే అదే.

ఐదో మెట్టు: మారే గీతలను చదవడం

సున్నా, ఇంటూ పెట్టిన గీతలు తిరగబడి ఇంకో గుర్తు వస్తుంది. బావిలో ఒక్క గీతే మారితే వచ్చేవి ఇవి. మొదటిది మారితే 5, వేచి ఉండడం. రెండోది మారితే 39, అడ్డంకి. మూడోది మారితే 29, గొయ్యి మీద గొయ్యి. నాలుగోది మారితే 28, ఇంటి దూలం బరువుకు వంగడం. ఐదోది మారితే 46, పైకి ఎదగడం. ఆరోది మారితే 57, గాలిలా మెల్లగా చొరబడడం.

ఎన్ని గీతలు మారితే ఏది చదవాలి అన్నదానికి 12వ శతాబ్దపు పండితుడు జూ షీ పెట్టిన పద్ధతి ఇప్పటికీ చాలామంది పాటిస్తారు. ఏదీ మారకపోతే గుర్తు మూల వాక్యం. ఒకటి మారితే ఆ గీత. రెండు మారితే రెండూ చదివి, పైదానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. మూడు మారితే రెండు గుర్తుల మూల వాక్యాలూ. అంతకు మించి మారితే చూపు కొత్త గుర్తు వైపు తిప్పాలి. నాణేలతో ఏ గీతా మారకుండా ఉండేది వందకు 18 సార్లు. అలా బావి వస్తే ఆ తాడు, కుండ వాక్యమే మీ జవాబు.

ఒక ఉదాహరణ

ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పే ఒకావిడ అనుకుందాం. రెండేళ్లుగా పిల్లలు తగ్గుతున్నారు. ప్రశ్న: 'ట్యూషన్ విషయంలో నేను సరిచేసుకోవాల్సింది ఏమిటి?' ఆరుసార్లు వేస్తే కిందినుంచి 8, 7, 9, 8, 7, 8 వచ్చాయి. బావే. మూడో గీత మారుతోంది, కాబట్టి 29కి వెళుతోంది.

మొదటి పని, హెచ్చరిక గుర్తుచేసుకోవడం. ఆవిడ పాత విద్యార్థుల తల్లులిద్దరికి ఫోన్ చేసి మొహమాటం లేకుండా చెప్పమంది. పాఠం బాగుంటుందనే అన్నారు. 'మీరు ఇంకా చెబుతున్నారని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలీదండీ' అని కూడా అన్నారు. నీరుంది, తాడు లేదు. ఇప్పుడు 29. నీటి మీద నీరు, గుంట వస్తే నిండాకే ముందుకు కదిలే ప్రవాహం, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసి అలవాటు చేసుకోవడం. అంటే ఒక్క కరపత్రంతో తేలే పని కాదు, కొన్ని నెలలు విసుగు లేకుండా చేయాల్సినది. ఆవిడ ప్రతి ఆదివారం అపార్ట్‌మెంట్ కింద ఒక గంట ఉచితంగా సందేహాలు తీరుస్తానని రాసుకుంది.

నాణేలు ఇందులో ఏం చేశాయి? ఆ ఫోన్ చేయించాయి.

ఇప్పుడు ఎవరు, ఎలా వాడుతున్నారు

రిచర్డ్ విల్‌హెల్మ్ జర్మన్ అనువాదం 1924లో వచ్చింది, దాని ఇంగ్లీషు రూపం 1950లో. దానికి ముందుమాట రాసిన మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్, అది రాయడం గురించే యీ జింగ్‌ను నాణేలతో అడిగాడు. వచ్చింది 29, మూడో గీత మారి 48, బావి. పై ఉదాహరణకు సరిగ్గా తిరగేసిన దారి. ప్రమాదంగా ఉన్న నీటిగుంట పనికొచ్చే బావిగా మారిందన్నట్టు ఆయన దాన్ని చదువుకున్నాడు. మరుసటి ఏడాది, 1951లో, అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ తన పియానో రచనలో ఏ స్వరం ఎక్కడ రావాలో నాణేలు వేసి తేల్చాడు. ఇద్దరూ దీన్ని జోస్యంగా వాడలేదు. ఒకరు తన మనసును చూసుకోవడానికి, మరొకరు తన ఇష్టాయిష్టాలను పక్కకు తప్పించడానికి వాడారు.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే వాడకం డైరీ రాసుకోవడం. తేదీ, ప్రశ్న, అంకెలు, మొదట తట్టిన మాట. అంకెలే రాయండి, గుర్తు గీయాలంటే ఫోన్‌లోనూ దొరుకుతుంది, యూనికోడ్‌లో ఈ 64కూ చోటుంది. నాణేలు లేకుండా వాడే పద్ధతి ఇంకొకటి నాకు ఇష్టం. నలుగురు కలిసి చేసే పని ఆగినప్పుడు, ఆరు గీతల్ని కాగితం మీద రాసి, మనం ఏ గీతలో ఉన్నామో ఒకరికొకరు చూపకుండా అంకె వేయమనడం. ఒకరు 1, ఒకరు 3 వేస్తే గొడవ ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది.

వద్దన్న చోట్లు కూడా ఉన్నాయి. ఛాతీలో నొప్పికి నాణేలు వేయొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. కోర్టు కేసు, అప్పు, షేర్లు వీటికీ అంతే. పనిలేని అనుమానాలతో నిద్ర పట్టనివాళ్లు దీని జోలికి వెళితే అనుమానం ఇంకొంచెం పెరుగుతుంది. డబ్బు తీసుకుని 'మీకు బావి దోషం ఉంది' అనేవాళ్లు కనిపిస్తే లేచి వచ్చేయండి. మూలంలో అలాంటి మాటే లేదు.

రాసుకున్నదాన్ని మళ్లీ ఎప్పుడు చూడాలి అంటే, చైనాను హాన్ వంశం ఏలిన కాలంలో ఒక ఆచారం ఉండేది. ఏటా వేసవిలో పొద్దు బాగా పెరిగిన రోజున బావుల పూడిక తీసి కొత్త నీరు ఊరనిచ్చేవాళ్లు. మన క్యాలెండర్‌లో అది జూన్ 21 ప్రాంతం. యీ జింగ్ వరసలోనూ బావి తర్వాత వచ్చేది 49, పాతది వదిలించుకోవడం. నా నోటుపుస్తకాన్ని నేను ఆ వారంలోనే తీస్తాను. తాడు అని రాసుకున్న చోట ఇప్పటికి ఎన్ని మూరలు కలిశాయో పక్కన పెన్సిల్‌తో రాస్తాను. పోయినసారి అక్కడ ఒక సున్నా ఉంది.